నీలి తీగ ఎవరిది?

ఈ సంచికకు ఏదైనా రాసివ్వమని విద్యార్థి సంఘం తమ్ముళ్లు కంఠేశ్వర్‌లోని మా దుకాణానికి వచ్చి అడిగారు. "నాకు కథలు, కవితలు రావు. వైర్ల సంగతైతే రాస్తా" అన్నాను. "అదే రాయండన్నా" అన్నారు. ఈ కళాశాలలో ఫిజిక్సు చదువుకుని, మోటార్లు, ప్యానెల్ బోర్డుల పనిలో పడి ఇరవై యేళ్లు దాటింది. ఈ ఇరవై యేళ్లలో నేను చేసిన ఒక తప్పుతోనే మొదలుపెడతాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఆ తప్పే నాచేత ప్రమాణాల పుస్తకాలు చదివించింది.

2011లో బోధన్ రోడ్డు మీద ఒక బియ్యం మిల్లుకు ఐరోపా నుంచి ప్యాకింగ్ యంత్రం వచ్చింది. దాని కేబుల్‌లో అయిదు తీగలు: బ్రౌన్, నలుపు, బూడిద, నీలం, ఆకుపచ్చ-పసుపు చారలది. మన బోర్డులోనూ అయిదే: ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. రాత్రి తొమ్మిదయింది, యజమాని తొందరపెడుతున్నాడు. నా దగ్గర పనిచేసే పిల్లవాడు "అన్నా, నీలంకు నీలం, నలుపుకు నలుపు కలిపితే అయిపాయె కద" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. కలిపాను. మిగిలిన బ్రౌన్, బూడిద తీగలను ఎరుపు, పసుపు ఫేజులకు ఇచ్చాను.

స్విచ్ వేయగానే మోటారు మూలిగింది. రెండు క్షణాల్లో కంట్రోల్ డబ్బాలోంచి పొగ లేచింది. జరిగిందేమిటంటే, ఆ యంత్రంలో నీలం న్యూట్రల్, నలుపు ఫేజు. మన బోర్డులో నీలం ఫేజు, నలుపు న్యూట్రల్. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు అందవలసిన కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్‌కు రెండు ఫేజుల మధ్య ఉండే 400 వోల్టులు అందాయి. మనుషులెవరికీ ఏమీ కాలేదు. కాలిన సామాను ఖరీదు నా కూలిలోంచి ఆరు నెలలు కట్టాను.

కేబుల్ తయారుచేసినవాడు తప్పు చేయలేదు. మన బోర్డు కట్టినవాడూ తప్పు చేయలేదు. ఎవరి ప్రమాణం వారు పాటించారు. మరి ప్రమాణాలు ఎన్ని? ఎవరిది పెద్ద, ఎవరిది చిన్న?

హాలీ, కల్దార్

మా తాత కాలంలో నిజాం రాజ్యంలో హాలీ సిక్కా చెల్లేది, బయట బ్రిటిషు వారి కల్దార్ చెల్లేది. రెండూ రూపాయలే. కానీ ఏడు హాలీలు ఇస్తే ఆరు కల్దార్లు. 1959లో హాలీ పూర్తిగా రద్దయిందాకా సంతలో బేరం చేసే ప్రతివాడూ ముందు "హాలీయా, కల్దారా?" అని అడిగేవాడట. విద్యుత్ సామాను విషయంలోనూ అడగవలసిన మొదటి ప్రశ్న అదే.

ప్రపంచమంతటికీ ఒకే లెక్క ఉండాలని పుట్టిన సంస్థ అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం, ఐ.ఇ.సి. 1906లో లండన్‌లో ఏర్పడింది. మనం ఉష్ణోగ్రత పాఠంలో చదువుకున్న లార్డ్ కెల్విన్ దాని మొదటి అధ్యక్షుడు. 1948 నుంచి కార్యాలయం జెనీవాలో ఉంది. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. ఐ.ఇ.సి. ప్రమాణం చట్టం కాదు. సభ్యదేశం ఇష్టమైతే యథాతథంగా తీసుకుంటుంది, లేదా మార్చుకుని తీసుకుంటుంది, అసలు తీసుకోకపోనూవచ్చు.

ఐరోపా కట్టుబాటు

ఐరోపా వారి అవస్థ వేరు. ఇరుగు పొరుగు దేశాలు, రోజూ సరుకు సరిహద్దు దాటుతుంది. 1960ల దాకా జర్మనీలో ఎర్రతీగ ఎర్తు, బ్రిటన్‌లో ఎర్రతీగ కరెంటు తీగ. జర్మనీ ఇస్త్రీపెట్టెను బ్రిటన్‌లో అక్కడి అలవాటు ప్రకారం కలిపితే ఏమవుతుందో ఊహించండి. పెట్టె ఒళ్లంతా కరెంటే! అందుకే 1970 ప్రాంతంలో ఇంటి సామాను తీగలకు బ్రౌన్, నీలం, ఆకుపచ్చ-పసుపు అనే ఉమ్మడి రంగులు వచ్చాయి. ఎర్తుకు రెండు రంగుల చారలు పెట్టడంలో ఒక మేలుంది. రంగులు సరిగా తెలియని కంటికి కూడా చార కనబడుతుంది.

1973లో సెనెలెక్ అనే ఐరోపా సంస్థ మొదలైంది, బ్రస్సెల్స్‌లో ఉంది. దీని కట్టుబాటు గట్టిది. ఇది ఒక ప్రమాణాన్ని 'ఇ.ఎన్.' అని ఆమోదిస్తే ప్రతి సభ్యదేశమూ దాన్ని తన జాతీయ ప్రమాణంగా ప్రకటించి, దానికి విరుద్ధమైన తన పాత ప్రమాణాన్ని గడువులోగా రద్దు చేయాలి. జర్మనీలో అది డి.ఐ.ఎన్. ఇ.ఎన్., బ్రిటన్‌లో బి.ఎస్. ఇ.ఎన్. అవుతుంది, ముందు అక్షరాలు మారినా లోపలి పాఠం ఒక్కటే. 2020లో ఐరోపా సంఘాన్ని వీడిన బ్రిటన్ కూడా సెనెలెక్‌లో సభ్యురాలిగానే ఉంది.

మరి జెనీవాకూ బ్రస్సెల్స్‌కూ పోటీయా అంటే, కాదు. 1996లో డ్రెస్డెన్‌లో ఒప్పందం కుదిరింది, 2016లో ఫ్రాంక్‌ఫర్ట్ ఒప్పందంగా దాన్ని కొత్తగా రాసుకున్నారు. కొత్త ప్రమాణం కావాలంటే ముందు ఐ.ఇ.సి.లోనే ప్రయత్నిస్తారు, ముసాయిదా మీద రెండు చోట్లా ఒకేసారి ఓటు వేస్తారు. అందుకే ఐరోపా విద్యుత్ ప్రమాణాల్లో ఎక్కువభాగం ఐ.ఇ.సి. పాఠమే. ఐరోపాకు ప్రత్యేకంగా కావలసిన మార్పులుంటే వాటిని 'ఉమ్మడి మార్పులు' అని విడిగా చూపిస్తారు.

అంకెల్లోనూ ఈ చుట్టరికం కనబడుతుంది. 1997లో ఐ.ఇ.సి. తన పాత అంకెలకు 60000 కలిపింది. ఇంటి సామాను భద్రత గురించిన 335 అప్పుడు 60335 అయింది. ఐరోపాలో అదే ఇ.ఎన్. 60335. మన దేశంలో ఐ.ఎస్. 302 కూడా దాని బాటలోనే నడుస్తుంది. 1947లో ఐ.ఎస్.ఐ.గా పుట్టి 1987లో బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్‌గా మారిన మన సంస్థ ద్వారా ఇండియా ఐ.ఇ.సి.లో సభ్యురాలు. 2025 సెప్టెంబరులో ఐ.ఇ.సి. మహాసభ ఢిల్లీలోనే జరిగింది.

ముద్ర వేరు, ప్రమాణం వేరు

విద్యార్థులు పొరబడేది ఇక్కడే. సామాను మీద 'సి.ఇ.' అని ఉంటే ఐరోపాలో పరీక్షించి ఇచ్చిన సర్టిఫికెట్ అనుకుంటారు. 50 నుంచి 1000 వోల్టుల ఎ.సి. సామానుకు వర్తించే ఐరోపా చట్టం ప్రకారం అది తయారీదారు తానే, తన బాధ్యత మీద వేసుకునే ముద్ర. ఇ.ఎన్. పాటిస్తే చట్టం పాటించినట్టే అని అక్కడ భావిస్తారు. మన ఐ.ఎస్.ఐ. ముద్ర అట్లా కాదు. బ్యూరో లైసెన్సు ఇస్తేనే వేయాలి. వైర్లు, ఇస్త్రీపెట్టెలు, నీళ్లు కాచే రాడ్లు వంటి వాటికి 2003 నాటి ఉత్తర్వు దాన్ని తప్పనిసరి చేసింది.

అన్నీ కలవవు

ఇంత సఖ్యత ఉన్నా ప్లగ్గు దగ్గర మాత్రం అందరూ ఓడిపోయారు. 1986లో ఐ.ఇ.సి. లోకమంతటికీ ఒకే ప్లగ్గు ప్రతిపాదించింది. ఐరోపా వారు తమకొక ఉమ్మడి ప్లగ్గు కోసం కొన్నేళ్లు తర్జనభర్జన పడి 1995లో వదిలేశారు. కోట్ల గోడల్లోని సాకెట్లను ఎవరు మారుస్తారు? మన మూడు గుండ్రని కాళ్ల ప్లగ్గు పాత బ్రిటిషు నమూనాయే. ఫేజుల ఎరుపు, పసుపు, నీలం కూడా వారి ఆస్తే. వారు మాత్రం 2004లో కొత్త రంగులు తెచ్చి, 2006 నుంచి తప్పనిసరి చేసుకుని బ్రౌన్, నలుపు, బూడిదకు మారిపోయారు. ఇచ్చినవాళ్లు విడిచిపెట్టారు, మన బోర్డుల్లో ఇంకా ఉంది.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. మన జిల్లాలో గల్ఫ్‌కు పోయివచ్చిన మనిషి లేని వాడ తక్కువ. పెట్టెలో ఇస్త్రీపెట్టె, మిక్సీ తెస్తారు. ఇక్కడి సాకెట్‌కు పట్టదని ప్లగ్గు కోసి మన ప్లగ్గు బిగిస్తారు. ఒకసారి ఫోనులో ఒకతను "అన్నా, ఎర్తుకు ఏది?" అని అడిగితే "పచ్చ వైరు" అన్నాను. చెప్పినాక గుండె ఝల్లుమంది. పచ్చ అంటే మన ఊళ్లలో ఒకరికి ఆకుపచ్చ, ఇంకొకరికి పసుపుపచ్చ! పసుపు మన బోర్డులో ఫేజు. మళ్లీ ఫోను చేసి "రెండు రంగుల చారలుంటయి చూడు, అది ఎర్తు" అని చెప్పి, మెయిన్ ఆపించి, తెల్లారి నేనే వెళ్లి చూసి వచ్చాను. ఆ ఇంట్లో చిన్నపిల్లలున్నారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో ఇంజనీర్లయ్యేవారుంటారు, అధ్యాపకులయ్యేవారుంటారు, దుబాయి పోయేవారూ ఉంటారు. నేను ఇప్పుడు పాటించేది చెప్తాను. రంగును నమ్మి తీగ కలపను. ముందు యంత్రం పలక మీద ఏ ప్రమాణమో చదువుతాను, టెర్మినల్ దగ్గర రాసిన అక్షరం చూస్తాను, మీటరు పెట్టి కొలుస్తాను. ఎర్తు అన్నిటికన్నా ముందు బిగిస్తాను, అన్నిటికన్నా చివర విప్పుతాను. నా దగ్గర పనిచేసే పిల్లలు ఎవరైనా తీగ చేతబట్టుకుని నిలబడితే ఇప్పుడు ఒకటే అడుగుతాను: "హాలీయా, కల్దారా?"