అయిదుకి ఒకటి

పందేలు కట్టే అలవాటు నాకు లేదు. లెక్కల మేస్టర్ని. లెక్కలు వచ్చినవాడు పందెం కట్టడని మా గురువుగారు అంటూ వుండేవారు. అయినా 2000 సంవత్సరం సెప్టెంబరు నెలలో ఒక్కసారి, జీవితానికంతటికీ ఒక్కసారి, యాభై రూపాయలు కట్టేను. అవి పోయేయి. యాభై పోయిందని కాదు ఈ కథ చెప్పడం. దాని వెనక మరొకటి పోబోయింది.

మా ఆమదాలవలస రైలు స్టేషను బోర్డు మీద శ్రీకాకుళం రోడ్డు అని వుంటుంది. కొత్తవాళ్ళు చూసి తెల్లబోతూ వుంటారు. ఆ స్టేషను బయట ఒక టీ బడ్డీ వుండేది. బడి విడిచేక నేను అక్కడ ఒక టీ తాగి ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఆ సెప్టెంబరులో బడ్డీ దగ్గర వేరే మాట లేదు. ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి సిడ్నీ వెళ్ళింది. ఒలింపిక్సులో ఆడవాళ్ళకి బరువులెత్తే పోటీ పెట్టడం అదే మొదలు. పతకం వస్తుందా, రాదా?

బడ్డీవాడు అరువు ఖాతా పుస్తకంలో వెనక పేజీ తిప్పి, మధ్యన గీత గీసి, ఒక వేపు ‘వస్తది’, ఇంకో వేపు ‘రాదు’ అని రాసేడు. మొదట్లో వూరి పిల్ల కదా అని అందరూ ‘వస్తది’ అన్నారు. అప్పుడు రేటు రూపాయికి రెండు. నాలుగు రోజులు గడిచేయి. పేపర్లలో రాతలు వచ్చేయి. 1994లో ఇస్తాంబుల్లోనూ, 1995లో చైనాలోనూ ఆమె ప్రపంచ విజేత అయినమాట నిజమే గాని, అది 54 కేజీల తరగతి; ఇప్పుడు 69 కేజీల్లో దిగుతోంది; వొళ్ళు చేసింది; పెళ్ళయింది; మణిపూర్ నుంచి కుంజరాణి వుండగా ఈమెని పంపడమేమిటి - ఇలాగ. జనం మెల్లిగా ‘రాదు’ వేపు జరిగేరు. బడ్డీవాడు ‘వస్తది’ రేటు మూడు చేసేడు, నాలుగు చేసేడు, ఆఖరికి అయిదు చేసేడు.

వాడికి బరువులెత్తడం గురించి ఏమీ తెలియదు. తెలియనక్కరలేదు కూడాను. డబ్బు ఎటు వేపు బరువయితే రెండో వేపు రేటు పెంచుతాడు, ఆశ చూపించి అటు నలుగుర్ని లాగడానికి. లండనులో పెద్ద పెద్ద దుకాణాలవాళ్ళు చేసేదీ యిదే. రేటు చూసి, వాళ్ళకేదో జోస్యం తెలుసుననుకుంటాం. వాళ్ళకి తెలిసిందల్లా మన భయమూ, మన ఆశానూ. (జూదానికి 1974లోనే మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. మేస్టరు చేయవలసిన పనేనా అంటే, కాదు.)

అయిదుకి ఒకటి అంటే ఆరింట ఒక పాలు అవకాశం. నా లెక్క ప్రకారం అంత కూడా లేదు. నేను ‘రాదు’ వేపు యాభై కట్టేను. గెలిస్తే పది వస్తుంది.

నా పక్కన బెంచీ మీద ఒక ముసలాయన వుండేవాడు. వయసులో సంక్రాంతి పండక్కి సంగిడి రాయి లేపినవాడు. ఆయన చుట్ట తీసి, ‘వస్తది’ వేపు ఇరవై కట్టేడు.

“పేపరు సూడనేదా తాతా?” అన్నాడు బడ్డీవాడు.

“పేపరోడు ఆ గుంట నడుం సూసేడు. నాను ఈపు సూసేను,” అన్నాడాయన. తరవాత నా వేపు తిరిగేడు. “మేస్టారూ, తమరు లెక్కలోరు గదా. మొదటోళ్ళిద్దర్నీ వొగ్గెయ్యండి. మూడోది ఎవులో సెప్పండి.”

నేను చెప్పలేకపోయేను. చైనా పిల్ల గెలుస్తుందని అందరికీ తెలుసు. ఆ గెలిచేదాన్ని చూసి భయపడ్డామే గాని, పతకాలు మూడని ఎవరమూ లెక్క వెయ్యలేదు. పోనీ, నూటయాభైమంది దిగే గోల్ఫు ఆట అయితే ఎవరు నెగ్గుతారో చెప్పలేమంటే అర్థం వుంది. 2003లో బ్రిటిషు ఓపెను పోటీలో ప్రపంచంలో 396వ స్థానంలో వున్న బెన్ కర్టిస్ అనే అమెరికా కుర్రవాడు కప్పు ఎగరేసుకుపోయేడు. విశాఖపట్నం ఈస్టు పాయింటు గోల్ఫు క్లబ్బుకి వెళ్ళే మా బంధువొకాయన, ఆ ఆటలో గాలి కూడా ఒక ఆటగాడే అంటాడు. బరువుల ఆటలో గాలి లేదు. ఎవరు ఎంత ఎత్తేరో అచ్చయి వుంటుంది. అచ్చయినదాన్ని పక్కన పెట్టి పుకార్ల మీద లెక్క వేసేను నేను!

ఇక రెండో సంగతి. నా తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల వుండేది. తండ్రి రైసుమిల్లులో కళాసీ. నీలంశెట్టి అప్పన్నగారి దగ్గర మల్లీశ్వరి నేర్చుకున్న వూరు కదా, ఈ పిల్ల కూడా తెల్లవారకుండా లేచి వ్యాయామశాలకి పోయేది. ఆగస్టులో తండ్రి నా దగ్గరకి వచ్చేడు.

“బాబూ, గుడ్లూ పాలూ కొననేకపోతన్నాను. పంపమంతారా, మానిపించీమంతారా?”

నేను సుద్దముక్క పుచ్చుకుని అతనికి లెక్క చెప్పేను. దేశంలో ఎంతమంది ఎత్తుతారు, ఎంతమందికి పేరు వస్తుంది. మల్లీశ్వరికే పతకం రాదంటూంటే నీ కూతురికేం వస్తుందోయ్ అన్నాను. అతను బోర్డు వేపు చూసి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయేడు. మర్నాటినుంచి పిల్ల మానేసింది. క్లాసులో నా వేపు చూడ్డం కూడా మానేసింది.

సెప్టెంబరు 19. సిడ్నీ గడియారం మనకంటె అయిదున్నర గంటలు ముందు. కబురు ముందుగా స్టేషను దగ్గర ఎస్‌టీడీ బూతుకి వచ్చింది. మూడో స్థానం! స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కేజీలు. ఒలింపిక్సులో పతకం తెచ్చిన మొదటి భారత స్త్రీ. ఆ ఏడు దేశానికి దక్కిన పతకం అదొక్కటే.

టపాకాయలు పేలుతూ వుంటే బడ్డీ దగ్గర తగువు మొదలయింది. చైనా లిన్ వైనింగ్, హంగేరీ మార్కుష్ - ఇద్దరివీ 242.5. చైనా పిల్ల తూకంలో తేలిక గనక బంగారం ఆమెది. మల్లీశ్వరి ఆఖరిసారి 137.5 అడిగింది, నిలవలేదు. 132.5 ఎత్తితే ముగ్గురూ సమానం, అప్పుడు ఒంటి బరువు చూడాలి. 135 ఎత్తితే 245, బంగారమే. మరి 137.5 ఎందుకడిగినట్టు? రాత్రి తొమ్మిది దాకా సుద్దముక్క నా చేతిలోనే వుంది. చుట్ట ముసలాయన ఒక్కడే మాట్లాడలేదు. ఆఖర్న, “ఎత్తినోలకి తెలుస్తాది,” అని, తన నూట ఇరవై లెక్కపెట్టుకుని పంచె కొంగున ముడేసుకున్నాడు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆరింట ఒక పాలు అన్న లెక్క తప్పు కాదు. ఆరింట ఒకటి రావచ్చు గదా. తప్పు మరోచోట వుంది. ఆ తండ్రి నన్ను పతకం సంగతి అడగలేదు. గుడ్లూ పాల సంగతి అడిగేడు. అడగనిదానికి జవాబు చెప్పి పంపించేను.

తెల్లవారి రైసుమిల్లుకి వెళ్ళేను. అతను బస్తా దింపి తలపాగా విప్పేడు. నేను చెప్పింది తప్పయిందన్నాను. రోజుకి రెండు గుడ్లు నా ఖాతాలో రాయించుకోమన్నాను. అతను చాలాసేపు వూరుకుని, “గుంటనడగాలి బాబూ,” అన్నాడు.

గుంట వారం రోజులు ఆలోచించి గాని మళ్ళీ వెళ్ళలేదు. రాష్ట్రం పోటీల దాకా వెళ్ళింది, అంతకు మించి పోలేదు. గుడ్ల బాకీ మాత్రం మూడేళ్ళు తీర్చేను.

అన్నట్టు, 2014లో గ్లాస్గో కామన్వెల్తు పోటీలప్పుడు ఆ బడ్డీ దగ్గరే మరో తగువు వచ్చింది. అప్పటికి కొడుకు నడుపుతున్నాడు. విజయనగరం జిల్లా కొండవెలగాడ పిల్ల మత్స సంతోషి 53 కేజీల్లో మూడోది వచ్చింది. ‘కాంస్యం’ అని కట్టినవాళ్ళు డబ్బు పుచ్చుకుని పకోడీలు కూడా తినేసేరు. ఆ తరవాత బంగారం గెలిచిన నైజీరియా పిల్ల మందు పరీక్షలో దొరికింది. సంతోషి వెండికి ఎక్కింది. ‘వెండి’ అని కట్టినవాళ్ళు కర్రలు పట్టుకుని వచ్చేరు. పందెం తీరేది బల్ల మీద నిలబడ్డ రోజునా, పరీక్ష తేలిన రోజునా? పెద్ద దుకాణాలవాళ్ళు సాధారణంగా బల్ల మీది వరసే లెక్క అంటారు. ఆ మాట కర్ర పట్టుకున్నవాడితో చెప్పడం ఎలాగు?

నన్ను మధ్యవర్తిగా పిలిచేరు. ఈసారి పందెం కట్టమని మాత్రం ఎవరూ అడగలేదు.