ఆరడుగుల వాడికి అమరే బండి ఏది?
తొలి మోటారు సైకిల్ కొనుగోలులో పొడగరుల అవస్థలు

న్యూఢిల్లీ: ఆరడుగుల రెండంగుళాల యువకుడు తొలిసారి మోటారు సైకిల్ కొనడానికి షోరూములో అడుగు పెడితే, దేశంలో ఏ మూలనైనా అతనికి వినిపించే సలహా దాదాపు ఒక్కటే. ‘మీ పర్సనాలిటీకి పెద్ద బండి అయితేనే బాగుంటుందండీ’ అంటాడు అమ్మకందారు. ఆ మాట నిజమేననిపిస్తుంది కూడా. వంద సీసీల బండి ఎక్కి కూర్చుంటే మోకాళ్లు హ్యాండిల్‌ను తాకుతుంటాయి. వెంట వచ్చిన మిత్రులు నవ్వు ఆపుకొంటుంటారు. దాంతో నడపడమే ఇంకా సరిగా చేతకాని వ్యక్తి 190 కిలోలు దాటిన వాహనానికి అడ్వాన్సు చెల్లించి బయటపడతాడు.

ఒడ్డూ పొడుగూ చూసి ఇంజను సామర్థ్యాన్ని నిర్ణయించే ఈ పద్ధతి పొరపాటుతో కూడినది. పొడగరికి కావలసింది పెద్ద ఇంజను కాదు. సీటుకూ ఫుట్‌రెస్టుకూ నడుమ, సీటుకూ హ్యాండిల్‌కూ నడుమ తగినంత ఎడం ఉండడమే అతనికి ముఖ్యం. ఈ రెండు కొలతలూ కంపెనీలు పంచిపెట్టే బ్రోచర్లలో సాధారణంగా కనిపించవు. ఇక్కడే చిక్కంతా ఉంది.

సగటు మనిషి కోసం

2024-25 ఆర్థిక సంవత్సరంలో దేశీయ విపణిలో సుమారు 1.96 కోట్ల ద్విచక్ర వాహనాలు అమ్ముడుపోయాయి. ఇంత పెద్ద విపణిలో లాభసాటిగా వ్యాపారం సాగించాలంటే సగటు మనిషిని దృష్టిలో ఉంచుకోక తప్పదు. 2016లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం 1996లో జన్మించిన భారతీయ పురుషుల సగటు ఎత్తు సుమారు 165 సెంటీమీటర్లు. అదే సంవత్సరంలో జన్మించిన నెదర్లాండ్స్ పురుషుల సగటు 182 సెంటీమీటర్లకు పైమాటే. అక్కడి సగటు మనిషి ఇక్కడ పొడగరిగా పరిగణన పొందుతాడన్నమాట.

అయితే భారతదేశమంతటా ఒకే సగటు వర్తించదు. ఈ సంగతిని ప్రభుత్వం ఏనాడో గుర్తించింది. సైన్యంలో సాధారణ సైనికుల ఎంపికకు పంజాబు, హర్యానా వంటి పశ్చిమ మైదాన ప్రాంతాల వారికి కనీసం 170 సెంటీమీటర్ల ఎత్తు నిర్దేశించగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా దక్షిణాది రాష్ట్రాల వారికి 166 సెంటీమీటర్లు చాలు. గూర్ఖాలకైతే 157 సెంటీమీటర్లే. సైనికుల భర్తీలో పాటించే ఈ వివేచన మోటారు సైకిళ్ల తయారీలో సాధ్యపడదు. లూథియానాలో అమ్మే బండి, డార్జిలింగ్‌లో అమ్మే బండి ఒకే అచ్చులో పోసినవే.

1980ల నడిమి కాలం వరకు ఈ సమస్య ఇంతగా లేదనే చెప్పాలి. బుల్లెట్, రాజ్‌దూత్, యెజ్డీ వంటి బరువైన బండ్లే అప్పట్లో ఉండేవి. 1984-86 మధ్య జపాను కంపెనీల భాగస్వామ్యంతో వంద సీసీల వాహనాలు వరుసగా రంగప్రవేశం చేశాయి. 1985లో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్ఎక్స్ 100 వచ్చాయి. ఇవి తేలికైనవి, పెట్రోలు పొదుపు చేసేవి, మధ్యతరగతికి అందుబాటులో ఉన్నవి. 1994లో వచ్చిన స్ప్లెండర్ ఆ ఒరవడికి పరాకాష్ఠ. దాని సీటు ఎత్తు నేల నుంచి 785 మిల్లీమీటర్లు, బరువు 112 కిలోలు. అయిదున్నర అడుగుల మనిషికి ఇంతకంటె అనువైన బండి దొరకదు. ఆరడుగులు దాటిన వాడే అందులో ఒదగలేకపోయాడు.

బ్రోచరు చెప్పని లెక్క

సీటు ఎత్తు అనేది ప్రధానంగా పొట్టివారి కోసం ప్రకటించే అంకె. ఆగినప్పుడు కాలు నేలకు ఆనుతుందా లేదా అన్నది మాత్రమే అది చెబుతుంది. పొడగరికి ఆ బాధ ఎటూ ఉండదు. మనిషి ఎత్తులో కాలి లోపలి పొడవు స్థూలంగా 46 శాతం ఉంటుందనుకుంటే 165 సెంటీమీటర్ల మనిషికి అది 76 సెంటీమీటర్లు, 188 సెంటీమీటర్ల వానికి 86 సెంటీమీటర్ల పైచిలుకు. నిలబడినప్పుడు ఈ పది సెంటీమీటర్ల తేడా గర్వకారణమే కావచ్చు. బండి ఎక్కగానే అది మోకాలి మడతలోకి పోతుంది. అరగంట ప్రయాణంలో ఏమీ తెలియదు. హైదరాబాదు నుంచి విజయవాడ వరకు వెళితే మాత్రం మోకాలిచిప్ప కింద మొదలయ్యే నొప్పి దిగిన తరువాత కూడా వదలదు.

ఫుట్‌రెస్టును కిందికి దించితే సరిపోదా అన్న ప్రశ్న సహజం. అది కొంతవరకే సాధ్యం. మలుపులో బండి వాలినప్పుడు ఫుట్‌రెస్టు రోడ్డును గీరుకోకూడదు గనుక దానికొక కనీస ఎత్తు తప్పనిసరి. కాబట్టి ఎడం పెరగాలంటే సీటైనా పైకి లేవాలి, లేదా ఫుట్‌రెస్టు ముందుకు జరగాలి. పొడగరి ఎంపిక మొత్తం ఈ రెండు మార్గాల చుట్టూ తిరుగుతుంది.

సీటు ఎత్తు ఒక్కటే చూసుకుంటే ఎలా మోసపోతారో తెలుసుకోవడానికి రాయల్ ఎన్‌ఫీల్డ్ 2018లో విడుదల చేసిన రెండు 650 సీసీల వాహనాలు మంచి ఉదాహరణ. ఇంటర్‌సెప్టర్, కాంటినెంటల్ జీటీ రెండింటికీ ఇంజను ఒకటే. సీటు ఎత్తులు కూడా ఇంచుమించు సమానం. కాని మొదటి దానిలో హ్యాండిల్ వెడల్పుగా పైకి ఉండగా, రెండవ దానిలో అది కిందికి దిగి, ఫుట్‌రెస్టులు వెనక్కి జరిగాయి. మొదటిదానిపై నిటారుగా కూర్చున్న పొడగరి రెండవదానిపై చాపలా చుట్టుకుపోతాడు. బ్రోచరులోని సీటు ఎత్తుకు మాత్రం ఈ భేదం పట్టదు.

రేసు బండ్ల పోలికతో వచ్చే స్పోర్ట్స్ తరహా వాహనాలు ఈ కారణంగానే పొడగరులకు అంతగా నప్పవు. కాలు మడత పడుతుంది, దేహభారం మణికట్లపై వాలుతుంది. ఫుట్‌రెస్టులు ముందుకు జరిగిన క్రూయిజర్ తరహా వాహనాలలో మోకాళ్లకు విశ్రాంతి లభిస్తుంది. అయితే బజాజ్ అవెంజర్ సీటు 737 మిల్లీమీటర్లు, రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 సీటు 765 మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటాయి. కాళ్లు ముందుకు చాపుకుని కూర్చున్నవాడు గోతి వచ్చినప్పుడు వాటిపై లేచి నిలబడలేడు. ప్రతి కుదుపూ నేరుగా వెన్నెముకకే చేరుతుంది. మన రహదారుల స్థితి తెలిసినవారికి ఇంతకుమించి వివరించనక్కర లేదు.

కొండదారుల బండి, మైదానంలో ఉపకారి

పొడగరులకు నిజమైన ఊరట అనుకోని దిక్కు నుంచి వచ్చింది. రాళ్లదారుల్లో, కొండల్లో తిరగడానికి ఉద్దేశించిన ‘అడ్వెంచర్’ తరహా వాహనాలలో షాక్ అబ్జార్బర్ల కదలిక ఎక్కువ. అందువల్ల సీటు పైకి లేస్తుంది. నిలబడి నడపడానికి వీలుగా హ్యాండిల్ వెడల్పుగా, ఎత్తుగా ఉంటుంది. ఇవన్నీ రాళ్ల కోసం చేసిన ఏర్పాట్లే. బండి ఒక్కసారైనా రాళ్లదారి తొక్కకపోయినా ఆరడుగుల వానికి అవి చక్కగా అమరుతాయి.

ఈ తరహాలో చౌక వాహనాన్ని అందించే ప్రయత్నం 2011లో హీరో ‘ఇంపల్స్’తో జరిగింది. 150 సీసీల ఆ బండి విపణిలో నిలదొక్కుకోలేకపోయింది. అదే సంస్థ 2019లో ‘ఎక్స్‌పల్స్ 200’ను సీటు ఎత్తు 823 మిల్లీమీటర్లతో ప్రవేశపెట్టినప్పుడు కార్బురేటర్ రకం ప్రారంభ ధర రూ. 97 వేలు. 2025లో వచ్చిన ఎక్స్‌పల్స్ 210 సీటు 830 మిల్లీమీటర్లకు చేరింది. 2022లో సుజుకి విడుదల చేసిన 249 సీసీల వి-స్ట్రామ్ ఎస్ఎక్స్ సీటు ఎత్తు 835 మిల్లీమీటర్లు, బరువు 167 కిలోలు. స్ప్లెండర్ సీటుతో పోల్చితే ఇది అయిదు సెంటీమీటర్లు ఎక్కువ. అయిదు సెంటీమీటర్లంటే రెండంగుళాలే గదా అనిపించవచ్చు. కూర్చుని చూసినవారికే దాని విలువ తెలుస్తుంది.

ఇంకా పైకి వెళితే 2023లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 సీటును 825 నుంచి 845 మిల్లీమీటర్లకు మార్చుకునే వీలుంది. ఇది పొడగరులకు ఆకర్షణీయమైన వాహనమే అయినా తొలి వాహనంగా ఎంచుకునే ముందు రెండు విషయాలు ఆలోచించవలసి ఉంటుంది. మొదటిది పన్ను, రెండవది బరువు.

350 సీసీల గీత

వస్తు సేవల పన్ను మండలి నిర్ణయం ప్రకారం 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీలకు మించని మోటారు సైకిళ్లపై పన్ను 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గగా, అంతకు మించిన వాటిపై అది 40 శాతానికి పెరిగింది. అంతకుముందు సెస్సుతో కలిపి పెద్ద వాహనాలపై పడిన భారం 31 శాతం. పన్ను కలపని ధర రూ. 2 లక్షలున్న బండిని ఉదాహరణగా తీసుకుంటే, గీతకు ఇవతల ఉన్నట్లయితే రూ. 36 వేలు, అవతల ఉన్నట్లయితే రూ. 80 వేలు పన్ను చెల్లించాలి. తేడా రూ. 44 వేలు.

బీమాలోనూ ఇదే గీత ఉంది. సుప్రీంకోర్టు ఆదేశానుసారం 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయింది. 2022 జూన్‌లో అమలులోకి వచ్చిన పట్టిక ప్రకారం 150-350 సీసీల వాహనానికి అయిదేళ్ల ప్రీమియం రూ. 7,365 కాగా, 350 సీసీలు దాటితే రూ. 15,117. ‘మీ పర్సనాలిటీకి పెద్ద బండి’ అన్న మాటను నమ్మినందుకు చెల్లించవలసిన వెల ఇది.

బరువు విషయానికి వస్తే, పొడవు వేరు, బలం వేరు. ఆరడుగుల రెండంగుళాల కుర్రవాడు 65 కిలోలే ఉండవచ్చు. హిమాలయన్ 450 బరువు 196 కిలోలు, దాని ఇంజను శక్తి 40 అశ్వశక్తి. యూరోపియన్ దేశాలలో కొత్తగా నేర్చుకునే యువకులకు చిన్న ఇంజన్లతో మొదలు పెట్టి దశలవారీగా లైసెన్సులు ఇస్తారు. మన దేశంలో 18 ఏళ్లు నిండి గేర్ల బండికి లైసెన్సు పొందితే వంద సీసీలైనా, వెయ్యి సీసీలైనా అదే పత్రం చెల్లుతుంది. చట్టం విధించని హద్దును కొనేవాడే విధించుకోవాలి. పొడవాటి కాళ్లు రెండూ నేలకు ఆనడం పొడగరికి ఉన్న గొప్ప సౌలభ్యం. కాని వాలిన బండిని నిలబెట్టేది కాళ్ల పొడవు కాదు.

కొనే ముందు కూర్చోవాలి

షోరూములో బండి మెయిన్ స్టాండుపై ఉండగా కూర్చుని నిర్ణయానికి రాకూడదు. స్టాండుపై ఉన్న బండి పైకి లేచి ఉంటుంది, షాక్‌లు కూర్చున్నవారి బరువుకు పూర్తిగా దిగవు. రెండు చక్రాలూ నేలపై ఆనించి, రోజూ వేసుకునే బూట్లతోనే కూర్చుని చూడాలి. ఒకటి రెండు నిమిషాలు కాదు, పది నిమిషాలు కూర్చోవాలి. అమ్మకందారు విసుక్కున్నా ఫరవాలేదు.

తరువాత హ్యాండిల్‌ను కుడికీ ఎడమకూ పూర్తిగా తిప్పాలి. దాని చివర మోకాలికి తగిలితే ఆ బండి సంగతి అక్కడితో మరచిపోవడం మంచిది. రద్దీ రోడ్డులో నెమ్మదిగా వెనక్కి మళ్లేటప్పుడు సరిగ్గా ఆ క్షణంలోనే వాహనం అదుపు తప్పుతుంది. ట్యాంకుకు ఇరువైపులా మోకాళ్ల కోసం చేసిన నొక్కుల్లో మోకాళ్లు కుదురుకున్నాయా, లేక వాటిని దాటి ముందుకు పోయాయా అన్నది కూడా చూడాలి. పొడగరుల పాదాలు కూడా పెద్దవే. పదకొండో నంబరు బూటు గేరు లివరు కింద దూరకపోతే, లివరును ఒకటి రెండు పళ్లు పైకి జరిపి బిగించమని మెకానిక్కును అడిగితే సరిపోతుంది. చాలా మందికి ఈ వీలున్నట్లే తెలియదు.

ట్రయల్ సమయంలో గాలి సంగతి గమనించాలి. ముందున్న చిన్న అద్దం గాలిని సగటు మనిషి తలమీదుగా పంపిస్తుంది. పొడగరికి అదే గాలి సుడులు తిరుగుతూ హెల్మెట్‌ను కొడుతుంది. కొందరికి అసలు అద్దమే లేని బండి ఇంతకంటె హాయిగా ఉంటుంది.

ఇప్పటికే కొన్న బండి ఇరుకుగా ఉంటే సీటులో స్పాంజి పెంచడం చవకైన ఉపాయం. ఒక అంగుళం పెంచినా మోకాళ్లకు తేలిక. కాని సీటు పెరిగిన మేరకు హ్యాండిల్ కిందికి దిగినట్లవుతుంది, నడుము వంగుతుంది. దాంతో హ్యాండిల్‌నూ ఎత్తించుకునేవారున్నారు. అప్పుడు క్లచ్ తీగ, బ్రేకు గొట్టం చాలినంత పొడవున్నాయో లేదో చూడకపోతే హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు అవి బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పును కూడా గుర్తుంచుకోవాలి. కంపెనీయే ఎత్తైన సీటును అనుబంధంగా అమ్ముతున్నట్లయితే దానినే తీసుకోవడం క్షేమకరం.

చివరగా, భారతీయుని మోటారు సైకిల్ అతనొక్కనిది కాదు. పొడగరి కాళ్లకు చోటు కోసం సీటులో వెనక్కి జరిగితే వెనుక కూర్చునే తల్లికో భార్యకో మిగిలేది జానెడు. పైగా 835 మిల్లీమీటర్ల సీటు ముందువాడికి సౌఖ్యమే కాని, దాని వెనుక భాగం ఇంకా ఎత్తుగా ఉంటుంది. చీర కట్టుకున్న స్త్రీ ఒకవైపుగా ఎక్కి కూర్చోవడం అంత సులభం కాదు. అందుచేత షోరూముకు ఇద్దరూ కలిసి వెళ్లి, ఇద్దరూ కూర్చుని చూసిన తరువాతే అడ్వాన్సు ఇవ్వడం మంచిది.