తరగతిలో ఒక్క ఫోనే ఉన్నప్పుడు

తెలుగు వాచకంలో పాఠాన్ని గడగడా అప్పజెప్పే మూడో తరగతి పిల్లవాడికి అవే మాటలున్న వేరే పుస్తకం ఇస్తే ఒక్కోసారి మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతాడు. పాఠం నోటికి వచ్చింది, చదవడం రాలేదు. పిల్లల చదువుపై సర్వే చేసే 2024 అసర్ నివేదిక ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి వాళ్లలో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే. ఇలాంటి పిల్లలకు కావలసింది ఇదివరకు చూడని పాఠాలు, అవీ బోలెడన్ని. ఇంటర్నెట్ ముందుగా అక్కరకొచ్చేది ఇక్కడే.

ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. కథలన్నీ నాలుగు స్థాయిల్లో ఉంటాయి. మొదటి స్థాయి కథ 250 మాటలు దాటదు. ముందురోజే దించుకుంటే బడిలో సిగ్నల్ లేకపోయినా ఇబ్బంది లేదు. స్మార్ట్ టీవీ ఉన్న బడిలో తెర మీద చూపించవచ్చు, లేని చోట అచ్చు తీసి పంచవచ్చు. లైసెన్సు అందుకు ఒప్పుకుంటుంది, కథను మార్చి రాసుకోవడానికి కూడా. టీచరు ఒక్కో మాట కింద వేలు పెడుతూ ఒకసారి చదివి, తర్వాత పిల్లల చేత చదివించి, చివరి పేజీ చూపించకుండా ఆపి, ముగింపు నోటుబుక్కులో రాయమంటే చదువూ రాతా ఒకే పీరియడులో జరుగుతాయి. ఆడియో నొక్కేసి హాజరు పట్టీ తీసుకుంటే మాత్రం అది మరో కార్టూన్ అవుతుంది, అంతే.

గూగుల్ రీడ్ అలాంగ్ యాప్ సంగతి వేరు. 2019లో బోలో పేరుతో వచ్చి, మరుసటి ఏడాది తెలుగుతో సహా తొమ్మిది భాషలకు విస్తరించింది. పిల్లవాడు పైకి చదువుతుంటే ఫోను వింటుంది. ఆగిన మాట మీద వేలు పెడితే పలికి చూపిస్తుంది. తడబడితే నవ్వేవాళ్లుండరు కాబట్టి బిడియస్తులకు బాగా పనికొస్తుంది. కానీ ఒక్క ఫోను ముందు ఒక్కరే కూర్చోగలరు, నలభై మంది గోలలో దానికి వినబడదు. వరండాలో ఒక మూల, మనిషికి పది నిమిషాల వంతు, అంతకు మించి ఆశించకూడదు. పైగా అది తప్పన్నదల్లా తప్పు కాదు. ఇంట్లో ‘ణ’ను ‘న’గా పలికే పిల్ల చదవడంలో పొరపాటు చేయలేదు. ఆ తేడా టీచరు చెవికే తెలుస్తుంది.

ఇక రాత. మొదటి రెండు తరగతుల్లో పలక, పెన్సిలే ఉండాలని నా అభిప్రాయం. 2005లో ఫ్రాన్స్ పరిశోధకులు మూడు నుంచి ఐదేళ్ల పిల్లల్లో కొందరికి చేతిరాతతో, కొందరికి కీబోర్డుతో అక్షరాలు నేర్పి చూశారు. వారిలో కాస్త పెద్దవాళ్లు, చేత్తో రాసి నేర్చుకున్న అక్షరాలనే బాగా గుర్తుపట్టారు. మన ప, వ, ష చూడండి, మ, య చూడండి: చిన్న గీతలోనే తేడా అంతా. ఆ గీత దిద్దిన వేళ్లు దాన్ని తొందరగా మరిచిపోవు.

నాలుగు, అయిదు తరగతులకు వచ్చాక టైపింగ్ మొదలుపెట్టవచ్చు. చాలామంది పెద్దవాళ్లలా ఇంగ్లిషు అక్షరాలు కొట్టి తెలుగు రప్పించడం పిల్లలకు నేర్పకపోతేనే మంచిది. తెలుగు మాటకు ఇంగ్లిషు స్పెల్లింగు వెతుక్కోవడంలోనే వాళ్ల బుర్ర అలిసిపోతుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అచ్చులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వస్తాయి. ‘స్త్రీ’ రావాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, చివర దీర్ఘపు గుడి, వరుసగా ఆరు మీటలు. అంటే ఏ హల్లు ముందు, ఏది వత్తు, ఏ గుణింతం అని పిల్లవాడు నోట్లో పలుకుతూ అక్షరాన్ని విడదీసుకోవాల్సిందే. వత్తులు ఎగరగొట్టే పిల్లలకు ఇంతకన్నా మంచి అభ్యాసం నాకు కనబడలేదు. కీబోర్డు తానే మాటలు అందించే సదుపాయం ఉంటుంది కదా, దాన్ని తీసేయాలి. లేకపోతే పిల్లవాడు రాయడం మాని జాబితాలోంచి ఎంచుకుంటాడు.

హైస్కూలు వాళ్లకు తెలుగు వికీసోర్స్ ఉంది. అక్కడ పాత పుస్తకం పేజీ బొమ్మ, దాన్ని ఎక్కించిన పాఠం పక్కపక్కనే కనిపిస్తాయి. రెండింటినీ అక్షరం అక్షరం పోల్చి తప్పులు దిద్దాలి. ఒకరు దిద్దితే పేజీకి పసుపు రంగు, మరొకరు సరిచూస్తే ఆకుపచ్చ. తమ పుస్తకాల్లో అంతగా కనిపించని అరసున్న, బండి ‘ఱ’ పిల్లలకు ఇక్కడ ఎదురవుతాయి. ఖాతాకు పిల్లల అసలు పేర్లు పెట్టనక్కరలేదు. మొదట్లో వచనం పేజీలే ఇవ్వాలి. పద్యాల్లో సంధులు ఎక్కువ కాబట్టి ఏది అచ్చుతప్పో, ఏది కవి ప్రయోగమో తొమ్మిదో తరగతి వాళ్లు తేల్చుకోలేరు.