సాంఖ్యకశాస్త్ర గోష్ఠిలో ప్రశ్నకు గల స్థానము

విశ్వవిద్యాలయ పరిశోధనా గోష్ఠుల ఆహ్వానపత్రాలు మన ప్రకటన ఫలకంపై తరచుగా కనిపిస్తూనే ఉంటాయి. 2016లో పూర్వపు వరంగల్లు జిల్లా విడిపోయి జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి వేర్వేరు జిల్లా కేంద్రాలైనప్పటికీ, ఉన్నత విద్యకు మన విద్యార్థులు నేటికీ 1976లో వెలసిన కాకతీయ విశ్వవిద్యాలయం వైపే చూస్తారు. జనగామ, మహబూబాబాదుల వారికి రైలు కలదు; భూపాలపల్లి వారికి బస్సే దిక్కు. ఇంత ప్రయాసపడి వెళ్లినవారిలో అనేకులు వెనుక వరుసలో కూర్చొని, ధ్రువపత్రం పుచ్చుకొని, నోరు మెదపకుండా తిరిగివస్తున్నారు. మాకు విచారం కలిగించునది ఇదియే.

తరగతిలో అధ్యాపకుడు తేలిన విషయాన్ని బోధిస్తాడు. గోష్ఠిలో పరిశోధకుడు ఇంకా తేలని విషయాన్ని పదిమంది ముందు పెడతాడు. అక్కడ వినేవాడు మౌనం వహిస్తే చెప్పేవాడికే నష్టం.

ఇందుకు తెలుగువారందరూ ఎరుగదగిన నిదర్శనం ఒకటి కలదు. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920లో హడగలిలో తెలుగు కుటుంబంలో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం అభ్యసించి, కలకత్తా చేరి సాంఖ్యకశాస్త్రంలో పట్టా పొందారు. 1944లో అక్కడి విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతూ, ఫిషర్ పండితుని ఫలితం ఒకటి వివరించారు. నమూనా చాలా పెద్దదైనపుడు అంచనాలోని విస్తృతి ఒక హద్దుకు దిగువకు పోదని దాని సారాంశం. అప్పుడు దాండేకర్ అనే విద్యార్థి, చిన్న నమూనాకు కూడా దీనిని ఎందుకు నిరూపించరాదని అడిగాడు. రావుగారు ఆ రాత్రంతా శ్రమించి మరునాటికి నిరూపణ తెచ్చారు. 1945లో కలకత్తా గణిత సంఘ పత్రికలో అది వెలువడింది. స్వీడన్ దేశీయుడైన క్రామెర్ కూడా స్వతంత్రంగా కనుగొన్నందున అది క్రామెర్-రావు అసమానతగా ప్రసిద్ధమైనది. రావుగారికి 2023లో అంతర్జాతీయ సాంఖ్యకశాస్త్ర బహుమానం లభించింది; ఆ ఏడే ఆగస్టులో తమ 102వ యేట దివంగతులైనారు. దాండేకర్ తదుపరి కాలంలో ఆర్థికశాస్త్రవేత్తగా పేరుగాంచారు.

ఆ హద్దు ఏమిటో మన పొలాల్లోనే చూడవచ్చును. వరి దిగుబడి అంచనాకై, యాదృచ్ఛికంగా ఎంచిన చేనులో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల చోటు గుర్తించి, పైరు కోసి, నూర్చి, తూకం వేస్తారు. ఇటువంటి తూకాలు సామాన్య వితరణను అనుసరిస్తాయనీ, వాటి ప్రామాణిక విచలనం 4 కిలోలనీ అనుకుందాము. 16 చోట్ల కోసి సగటు తీస్తే, ఆ సగటులో ప్రామాణిక దోషం 1 కిలో. దానిని అర కిలోకు తగ్గించాలంటే 32 చోట్లు చాలవు, 64 కావలెను. రావుగారి అసమానత చెప్పేదేమనగా, ఎంతటి మేధావి మరే నిష్పాక్షిక సూత్రం కల్పించినా ఆ 16 తూకాల నుండి ఇంతకంటె తక్కువ దోషం సాధించలేడు. అధికారులకు ఈ మాట రుచించకపోవచ్చు గాని, లెక్క లెక్కయే.

కంప్యూటర్ ఇక్కడనే తోడ్పడుతుంది. ఇట్టి 16 సంఖ్యలను యాదృచ్ఛికంగా పదివేల పర్యాయాలు సృష్టించి, ప్రతిసారీ సగటును, మధ్యగతాన్ని గుణించమని ఆదేశిస్తే క్షణాల్లో ఫలితం వస్తుంది. సగటుల విచలనం 1 కిలో దగ్గర, మధ్యగతాలది సుమారు 1.2 కిలోల దగ్గర తేలుతుంది. ఒకటి రెండు తూకాలు తప్పుగా నమోదైతే మాత్రం మధ్యగతమే మేలు కావచ్చును. ఎప్పుడు, ఎంత మేలు? గోష్ఠిలో ధైర్యంగా అడుగదగిన ప్రశ్న ఇది. ఇందుకు పెద్ద యంత్రం అక్కరలేదు. ఉచితంగా లభించే ఆర్ భాష చాలును.

ఆంగ్లం రాదని జంకేవారికి ఒక మాట. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం మూడు దశాబ్దాలు గణితాన్ని ఉర్దూలో బోధించింది. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమీ సాంఖ్యకశాస్త్ర పాఠ్యగ్రంథాలను తెలుగులో ప్రచురించింది. ఉర్దూలో ఈ శాస్త్రాన్ని షుమారియాత్ అంటారు. మనం నిత్యం వాడే 'సుమారు' కూడా ఆ మూలానిదే.

కావున కళాశాల సంఘం వారికి మా విన్నపము: పక్షానికొక సాయంత్రం ఒక గది, ఒక నల్లబల్ల కేటాయించగలరు. ఒక విద్యార్థి 20 నిమిషాలు మాట్లాడాలి. మరో 20 నిమిషాలు తెలుగులో గాని, ఉర్దూలో గాని ప్రశ్నలకే విడవాలి. పైన చెప్పిన వరి తూకాల లెక్కతోనే తొలి గోష్ఠి జరుపవచ్చును.