పటం గీసింది వాళ్ళు, భూమి పోయిందీ వాళ్ళదే

భూమి పటం అనగానే రైతుకు గుర్తొచ్చేవి సర్వేయరు, గొలుసు, హద్దురాయి. ఆ పటం చెప్పేది ఒకటే: ఈ చెక్క ఎవరిది, విస్తీర్ణమెంత అని. పటమంటే ఇంతేనని మనకు అలవాటైపోయింది. ఈ లెక్కలేవీ లేకుండా పటాలు గీసిన జనం ఉన్నారు. ఉత్తర అమెరికాలో అట్లాంటిక్ తీరం నుంచి రాకీ పర్వతాల దాకా ఆల్గాంక్వియన్ కుటుంబపు భాషలు మాట్లాడే ఆదివాసులు వాళ్ళు. లెనాపే, పౌహటన్, అబెనకీ, ఒజిబ్వే, క్రీ, బ్లాక్‌ఫుట్ వగైరా తెగలు. పాత పుస్తకాలు వీళ్ళందర్నీ కలిపి రెడ్ ఇండియన్లు అనేసి ఊరుకున్నాయి.

వాళ్ళ కాగితం భూర్జ చెట్టు బెరడు. హిమాలయాల్లో మనవాళ్ళు గ్రంథాలు రాసుకున్న భూర్జపత్రం దీని దాయాది చెట్టుదే. బెరడు లోపలి వైపు మొనదేలిన పుల్లతోనో ఎముకతోనో గీస్తే గీత నల్లగా పడుతుంది. అబెనకీ భాషలో దీన్ని 'అవిఖిగన్' అంటారు. జాబుకూ అదే మాట, పటానికీ అదే మాట, ఆ తర్వాత పుస్తకానికీ అదే మాట అయింది. ముందు పోయినవాళ్ళు వెనక వచ్చేవాళ్ళ కోసం దారిలో చెట్టుకు ఇలాంటి బెరడు కట్టి పోయేవాళ్ళు. అట్లాంటిదొకటి 1841లో అటావా నదికీ హ్యూరన్ సరస్సుకూ మధ్య అడవిలో ఒక బ్రిటిష్ సైనికాధికారికి దొరికింది. అదిప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. దారి చెప్పుకోడానికి కట్టిన బెరడు అలా సముద్రాలు దాటింది!

ఈ పటాల్లో కొలబద్ద ఉండదు. దూరాన్ని నడక దినాల్లో, అరదినాల్లో లెక్కగడతారు. నది వంకరలు పట్టించుకోరు, తిన్నగా గీసేస్తారు. ఎక్కడ ఏ వాగు కలుస్తుంది, ఎక్కడ పడవ దిగి దాన్ని భుజాన మోసుకుంటూ పక్క నీటిలోకి పోవాలి అనేవి మాత్రం తప్పకుండా చూపిస్తారు. నడిచేవాడికి కావలసింది అదే గదా! ఈ పటాల్లో అక్షాంశ రేఖాంశాలు తప్ప లోటేమీ లేదనీ, వేటకో యుద్ధానికో ఆలోచన చేసేటప్పుడు పెద్దలు వీటిని ముందు పరచుకుంటారనీ 1703లో ఫ్రెంచి వాడైన లాహోంతాన్ తన పుస్తకంలో రాశాడు.

అంతకు వందేళ్ళ ముందరి సంగతి ఇంకొకటుంది. 1605లో షాంప్లేన్ అనే ఫ్రెంచి నావికుడు ఇప్పటి మసాచుసెట్స్ తీరానికి చేరాడు. తాను చూసిన తీరాన్ని బొగ్గుతో గీసి అక్కడివాళ్ళకు చూపించాడు. వాళ్ళు అదే బొగ్గు తీసుకుని, అతను చూడని అఖాతాన్ని గీసి, దానిమీద ఆరు గులకరాళ్ళు పెట్టారు. ఆరు రాళ్ళంటే ఆరుగురు పెద్దలు, ఆరు జనసమూహాలు. హద్దులు గీసి చూపలేదు, అక్కడ మనుషులున్నారని చెప్పారు. అసలు తేడా ఇక్కడే ఉంది. వాళ్ళ పటంలో భూమి మనుషులతో కలిసి ఉంటుంది. వచ్చినవాళ్ళకు మనుషులు తీసేసిన భూమి కావాలి.

ఆ పటాలు ఏమయ్యాయి? ఇంగ్లీషువాడు జాన్ స్మిత్ 1612లో అచ్చువేసిన వర్జీనియా పటంలో నదుల మీద చిన్న చిన్న శిలువ గుర్తులు కనిపిస్తాయి. అక్కడిదాకా తాను చూసిందనీ, అవతలిదంతా ఆదివాసులు చెప్పిందనీ అతనే ఒప్పుకున్నాడు. ఆ మేరకు నిజాయితీపరుడే అనుకోవాలి. తర్వాతివాళ్ళకు ఆ పాటి మొహమాటం కూడా లేదు. 1801లో బ్లాక్‌ఫుట్ నాయకుడు అక్కోమొక్కి, హడ్సన్ బే కంపెనీ ఉద్యోగి పీటర్ ఫిడ్లర్‌కు ఎగువ మిస్సోరీ నదీ ప్రాంతాన్నీ, అక్కడి తెగలనూ గీసి ఇచ్చాడు. అది లండన్ చేరి, మరుసటి ఏడే ఆరోస్మిత్ వేసిన పటంలో కలిసింది. అమెరికా ప్రభుత్వం పడమటి దేశం చూసిరమ్మని పంపిన లూయిస్, క్లార్కులకు దారి చూపిన వాటిలో ఆరోస్మిత్ పటం ఒకటి.

పటం ఇచ్చి మోసపోయింది ఒక తంతు. పటం చూసి మోసపోయింది మరొకటి. పెన్సిల్వేనియాలో లెనాపేలకు జరిగింది ఈ రెండోదే. 1686 నాటి దస్తావేజు ఒకటుందనీ, ఒక మనిషి రోజున్నరలో నడిచినంత మేర తమకు దఖలుపడిందనీ విలియం పెన్ కొడుకులు ముందుకొచ్చారు. ఒక పటం కూడా చూపించారు. అందులో దూరాన ఉన్న లీహై నదిని దగ్గరలోని టొహికన్ వాగు అన్నట్టు భ్రమ కలిగేలా గీశారు. సరే, మనిషి నడకే గదా, మధ్యమధ్య ఆగి తిని, చుట్ట కాల్చుకుని నడుస్తాడు గదా అనుకున్నారు లెనాపేలు. 1737 సెప్టెంబరులో ముందుగానే అడవి కొట్టించి బాట వేయించి, గట్టివాళ్ళను ముగ్గురిని ఎంచి పంపించారు. వాళ్ళలో ఇద్దరు మధ్యలోనే కూలబడ్డారు. మూడోవాడు అరవై మైళ్ళ దాకా పోయాడు. అక్కణ్ణించి సర్వే గీతను తిన్నగా నది వైపు లాగకుండా ఓరగా లాగారు. సుమారు 1,200 చదరపు మైళ్ళు, అంటే ఏడున్నర లక్షల ఎకరాల పైచిలుకు పోయింది. లెనాపేల వారసులు 2004లో దీనిమీద కోర్టుకెక్కారు. మోసం జరిగినా కేసు చెల్లదన్నారు. 2006లో సుప్రీంకోర్టు వినడానికే ఒప్పుకోలేదు.

పండితులూ ఈ పటాల మీద తగవుపడ్డారు. ఫ్రాంక్ స్పెక్ 1915 ప్రాంతంలో ఆల్గాంక్వియన్ కుటుంబాల వేట ప్రాంతాలను వాళ్ళనే అడిగి పటాలుగా వేశాడు. చూశారా, సొంత ఆస్తి ఆదినుంచీ ఉన్నదే అని కొందరు సంబరపడ్డారు. మార్క్సిస్టు మానవశాస్త్రవేత్త ఎలియనార్ లీకాక్ 1954లో దీన్ని కాదన్నది. లాబ్రడార్ ప్రాంతంలో ఆ హద్దులు బొచ్చు తోళ్ళ వ్యాపారం వచ్చాక, తోలుకు అంగట్లో ధర పలికాక ఏర్పడ్డవేనని చూపింది. ఆ వాదన అన్ని తెగలకూ వర్తించదని తర్వాతివాళ్ళు కొందరన్నారు గాని, హద్దుగీత వెనక అంగడిని చూడమన్న ఆమె మాట కొట్టిపారేయదగింది కాదు.

ఇక ఒజిబ్వేల మహజరు సంగతి. సుపీరియర్ సరస్సు చుట్టూ ఉన్న చిన్న సరస్సుల్లో ఎవరూ విత్తకుండా ఒక రకం వరి పండుతుంది. మనోమిన్ అంటారు. ఒకరు పడవ నడుపుతుంటే మరొకరు రెండు కర్రలతో వెన్నులు వంచి గింజ రాలుస్తారు. నీళ్ళలో పడ్డ గింజే వచ్చే ఏటి విత్తనం. ఆ నేలను 1837, 1842 ఒప్పందాల్లో ప్రభుత్వం రాయించుకుంది. ఇక జనాన్నే పడమటికి తరిమేస్తారన్న భయం పట్టుకుని 1849లో ఒక బృందం వాషింగ్టన్ పోయింది. వాళ్ళు పట్టుకుపోయింది భూర్జ బెరడు. దానిమీద కొంగ ముందు, వెనకాల మార్టెన్ అనే ముంగిసలాంటి జంతువులు, ఎలుగు, చేపలు. అవన్నీ కులచిహ్నాలు. వాటి కళ్ళనూ గుండెలనూ కొంగతో కలుపుతూ గీతలున్నాయి. అందరి చూపూ ఒకటే, అందరి మనసూ ఒకటే అని. కొంగ కంటినుంచి ఒక గీత వరి పండే చిన్న సరస్సులకు పోతుంది. పక్కన పెద్ద సరస్సు. అది పటమూ అయింది, అర్జీ కూడా అయింది.

అర్జీ వినలేదు. 1850లో తరలింపు ఉత్తర్వు వచ్చింది. ఏటా ఇచ్చే సొమ్ము కోసం శాండీ లేక్ రమ్మని చలికాలం ముంగిట జనాన్ని పిలిపించి, తిండి లేకుండా, డబ్బివ్వకుండా నిలబెట్టారు. ఆకలితో, రోగాలతో, తిరుగు దారిలో మంచులో 400 మంది దాకా చనిపోయారు. 1852లో తొంభై దాటిన పెద్దాయన కెచెవైష్కె మళ్ళీ వాషింగ్టన్ పోయి అధ్యక్షుడు ఫిల్‌మోర్‌ను కలిశాడు. ఉత్తర్వు రద్దయింది. 1854 ఒప్పందంలో కొంత నేల వాళ్ళకు మిగిలింది. అమ్ముడైన నేలమీద కూడా వేటాడి, చేపలు పట్టి, వరి దులుపుకునే హక్కు పోలేదని అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది 1983లో. ఇప్పటికీ ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఆ సరస్సుల మీదికి కర్రలు పట్టుకుని పడవలు పోతున్నాయి.