చెదల రాజ్యంలో కారు ప్రయాణం

ఆస్ట్రేలియా తూర్పు తీరంలోని కెయిర్న్స్ నుంచి పడమటి తీరంలోని బ్రూమ్ దాకా సాగే దారి పేరు సవన్నా వే. దాదాపు 3,700 కిలోమీటర్లు. ఊరికీ ఊరికీ మధ్య గంటల తరబడి ఎండుగడ్డి, పలచగా యూకలిప్టస్ చెట్లు, ఎర్రమట్టి పుట్టలు. చూడ్డానికి ఏముందని వేగం పెంచితే మాత్రం ఈ నేలకు అసలు యజమానిని చూడకుండానే దాటేస్తాం.

ఇక్కడ నేల నిస్సారం. వానలకు నిలువెత్తు పెరిగే గడ్డి, ఎండిందంటే దాదాపు ఉత్త పీచు. ఆఫ్రికాలో గడ్డి మేయడానికి మందలు మందలుగా జంతువులున్నాయి. ఇక్కడ ఆ పనిలో పెద్ద వాటా చెదలది. పీచును అరిగించేది వాటి పొట్టలోని సూక్ష్మజీవులు. చెదలు తొలిచిన చెట్ల తొర్రల్లో పక్షులు కాపురముంటాయి. బోలు కొమ్మలే ఆదివాసుల డిడ్జరీడూ వాద్యాలవుతాయి. దారిలో వచ్చే కాథరిన్ పట్టణ పరిసరాల్లోని హుడెడ్ చిలుకైతే ఏకంగా పుట్టనే తొలిచి గుడ్లు పెడుతుంది.

1891లో ఈ దారిలోనే ఉన్న నార్మన్‌టన్ నుంచి క్రోయిడన్‌కు రైలు మార్గం వేసిన ఇంజనీరు జార్జ్ ఫిలిప్స్, చెదలకు జడిసి చెక్క స్లీపర్ల జోలికే పోలేదు. బోలు ఉక్కు స్లీపర్లను తయారుచేయించి నేల మీదే పరిచాడు. వరద మీదుగా పోయినా లైను చెదరదు. ఆ రైలు ఇప్పటికీ నడుస్తోంది.

కాథరిన్ దగ్గర దారి మళ్లి ఉత్తరానికి, లిచ్‌ఫీల్డ్ జాతీయ పార్కు దాకా వెళ్లడం ఖర్చు దండగ కాదు. అక్కడ పుట్టలు నిలబెట్టిన తడికల్లా పలచగా, అన్నీ ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి. వానాకాలం ఆ మైదానంలో నీళ్లు నిలుస్తాయి కాబట్టి చెదలు భూమిలోకి దిగలేవు. ఎండైనా చలైనా పుట్టలోనే తట్టుకోవాలి. పొద్దున్నే తూర్పు ముఖానికి ఎండ తగిలి పుట్ట వెచ్చబడుతుంది. నడినెత్తికొచ్చిన సూర్యుడికి దొరికేది సన్నని అంచు మాత్రమే. మరి కళ్లులేని కూలి చెదలకు దిక్కు ఎలా తెలుస్తుంది? పైభాగం కోసేసిన పుట్టల్లో అయస్కాంతాలు పెట్టి చూస్తే, చెదలు తిరిగి కట్టిన గదుల వరుస గాడి తప్పింది. భూ అయస్కాంత క్షేత్రాన్ని పసిగడతాయనడానికి అదే ఆధారం.

వెళ్లదలచినవారు మే, సెప్టెంబరు మధ్య వెళ్లండి. వానలు మొదలైతే వాగులు పొంగి రోడ్లు మూసేస్తారు. పొద్దుగూకాక బండి నడపొద్దు. పశువులూ కంగారూలూ రోడ్డు మీదికొస్తాయి.