పుట్టుకే నేరమైన నాడు

నేరం చేసినవానికి శిక్ష పడడం న్యాయం. కాని ఒక కులంలో పుట్టడమే నేరమైతే? 1871లో బ్రిటిష్ ప్రభుత్వం మన దేశంలో తెచ్చిన నేరస్థ జాతుల చట్టానికి అదే పునాది.

వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్లే దొంగ కొడుకు దొంగ అవుతాడని నాటి పాలకుల వాదం. ఒక జాతిని నేరస్థ జాతిగా ప్రకటిస్తే, ఆ నిర్ణయాన్ని ఏ న్యాయస్థానమూ ప్రశ్నించరాదు. ఆ జాతివారు తమ పేర్లు నమోదు చేయించుకోవాలి. అనుమతి చీటీ లేనిదే పొలిమేర దాటరాదు. 1911లో వచ్చిన కొత్త చట్టం మద్రాసు రాజధానికీ వర్తించింది. వేలిముద్రలు తీసుకోవడానికీ, పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేయడానికీ అది అధికారమిచ్చింది.

తెలుగునాట ఆ వేటు తగిలినవారిలో ఎరుకలవారు ముఖ్యులు. వారిలో పలువురు పశువులపై ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకున్నవారే. రైళ్లు వచ్చాయి, ఉప్పుపై సర్కారు పట్టు బిగిసింది, ఆ వర్తకం కూలిపోయింది. బతుకుతెరువు కోల్పోయిన సంచారి పాలకుల కంటికి దొంగగా కనిపించాడు. 1913లో బాపట్ల సమీపాన సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టువర్టుపురం వెలసింది. అక్కడ పని ఉంది, బడి ఉంది. ఇష్టం వచ్చినచోటికి వెళ్లే స్వేచ్ఛ మాత్రం లేదు.

1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. నిన్నటి నేరస్థ జాతులు విముక్త జాతులయ్యాయి. అయినా స్టువర్టుపురం అనగానే దొంగలను తలచుకోవడం లోకానికి చాలాకాలం అలవాటుగానే మిగిలింది. చట్టం వేసిన ముద్రను చట్టం ఒక్కటే చెరపలేదు.